పాత వంతెన దగ్గర గుల్లలు

ఏటా జనవరిలో, బి.ఎస్సీ. ఫైనలియరు పిల్లల్ని నాగావళికి తీసుకెళ్ళే రోజుకి ముందు సాయంత్రం, నేను నదిలో గుల్లలు నాటుతాను. వరి నాట్లు ఊడ్చినట్టే నడుం వంచి, జానెడు దూరానికొకటి ఇసకలో గుచ్చుతాను. జువాలజీ డిమాన్‌స్ట్రేటరు జగన్నాధం గారి, అంటే నా, ఘనకార్యం ఇది. పదేళ్ళుగా సాగుతోంది.

గుల్లలు తెచ్చేది దాలమ్మ. కళ్ళేపల్లి దగ్గర, నది సముద్రంలో కలిసే చోట ఏరి, తట్ట నెత్తిన పెట్టుకుని శ్రీకాకుళం వీధుల్లో కూరకి అమ్ముతుంది. పన్నెండేళ్ళ క్రితం నేను యూనివర్సిటీ తరఫున ఇక్కడ రీసెర్చి చేసేవాణ్ణి. పాత వంతెన దగ్గర నదిలో ఏయే ప్రాణులున్నాయో నెలనెలా ఏరి ప్రొఫెసరు గారికి పంపడం నా పని. ఒక నెల మలేరియా వచ్చింది. మంచం దిగలేక, గుమ్మంలోకొచ్చిన దాలమ్మనే అడిగాను.

"ఇవి ఎక్కడివి?"

"ఎక్కడివేటి బావూ, నాగావళిలోవే."

ఆవిడ అబద్ధమాడలేదు. ఆవిడకి నది కొండ నుంచి సముద్రం దాకా ఒకటే. ఇంకో ప్రశ్న వెయ్యాల్సినవాణ్ణి నేను, వెయ్యలేదు. ఒక డజను గుల్లలు సీసాలో వేసి, 'పాత వంతెన, శ్రీకాకుళం' అని చీటీ అంటించి పంపేశాను.

ప్రొఫెసరు గారు ఎగిరి గంతేశారు. ఉప్పునీటి గుల్ల మంచినీళ్ళలో బతకడం నేర్చుకుందని వ్యాసం అచ్చువేశారు. మరుసటి నెల జ్వరం తగ్గి నేనే నదిలో దిగితే ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. చెబుదామని మూడుసార్లు ఆయన గది దాకా వెళ్ళాను. మూడుసార్లూ ఆయనే నా భుజం తట్టి మెచ్చుకున్నారు. నోరు మూసుకుని వచ్చేశాను. ఆ తర్వాత ఆ గుల్ల పాఠ్యపుస్తకంలోకి ఎక్కింది. నేను ఈ కాలేజీలో డిమాన్‌స్ట్రేటరునై దాన్నే పాఠం చెబుతున్నాను, పిల్లలకి దొరకాలని ఏటా నాటుతున్నాను.

నా థీసిస్ ఆరేళ్ళుగా ఆయన బీరువాలో ఉంది. దాని మీద ఆయన సంతకం పడితే యూనివర్సిటీలో ఉద్యోగం, ఈ ఇసకనుంచి విముక్తి. నాకు కావలసింది అంతే. ఈ ఏడు, అంటే అరవై ఎనిమిదిలో, ఆయన స్వయంగా వస్తున్నానని ఉత్తరం రాశారు. యూనివర్సిటీ తన సైన్సు పరిశోధనల చరిత్ర పుస్తకంగా వేస్తోందట. అందులో మన గుల్లకి ఒక పూర్తి పేజీ. రిటైరయ్యేలోగా ఆ చోటు ఒక్కసారి కళ్ళారా చూడాలట.

దాలమ్మకి రెండు తట్టలు చెప్పాను.

"రెండా? తినడానికా, పాతడానికా?" అంది నవ్వుతూ. "పదేళ్ళనుండి సూస్తన్నాను బావూ, నువ్వు పాతిందొక్కటీ మొలవనేదు."

నా బాధ దాలమ్మ కాదు, జ్ఞానసుందరి. మిషన్ స్కూలు మాస్టారి కూతురు, ఫైనలియరు. పాత వంతెన పక్కనే ఇల్లు. ప్రాజెక్టుకని ఆ గుల్లనే తీసుకుంది. ఆరు నెలలు శనివారం శనివారం మోకాలి లోతు నీళ్ళలో వెతికి, రికార్డులో 'ఒక్కటీ కనబడలేదు' అని రాసుకొచ్చింది. సంతకం పెట్టకుండా వాయిదా వేస్తూ వచ్చాను.

రెండు తట్టలూ నాటిన మర్నాడు, ఆదివారం, ప్రొఫెసరు గారు పిల్లలందరి ముందూ ప్యాంటు మడిచి నదిలో దిగారు. అడుగు వెయ్యగానే ఒక గుల్ల, ఇంకో అడుక్కి ఇంకోటి. చిన్నపిల్లాడిలా కేకలేశారు. ఫోటో తీయించుకున్నారు.

"నాకు ఆర్నెల్లలో ఒక్కటీ అవుపడలేదండీ," అంది జ్ఞానసుందరి ఒడ్డునుంచి.

ఆయన నా వైపు తిరిగారు. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం నాకు మళ్ళీ రాదు. అది నాకు ఆ క్షణంలోనే తెలుసు.

"ఆ అమ్మాయికి చూడ్డం రాదండీ," అన్నాను.

పిల్లలు నవ్వారు. ఆ అమ్మాయి తల దించుకుంది. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది, కానీ ఆయన వెనకాలే నీళ్ళలో నడిచాను.

కారెక్కబోతూ ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "థీసిస్ మీద సంతకం పెట్టేశానయ్యా. ఇంకో శుభవార్త. ఇక్కడే, ఈ ఒడ్డునే మన గుల్ల కోసం రీసెర్చి స్టేషను మంజూరైంది. నువ్వు తప్ప ఇంకెవరికిస్తాం? రిటైరయ్యేదాకా ఈ వంతెన నీదే, డాక్టరు జగన్నాధం!"

దండం పెట్టాను. ఏడాదికోసారి నాటేవాణ్ణి. ఇక రోజూ నాటాలి.

మర్నాడు మధ్యాహ్నం జ్ఞానసుందరి ల్యాబుకి వచ్చింది. కాగితం పొట్లం విప్పి నా బల్ల మీద పెట్టింది. అందులో మూడు గుల్లలు. ఈ గుల్ల మంచినీళ్ళలో పడితే మూతి బిగించుకుని ఒక రోజు బతుకుతుంది. రెండో రోజు నోరు తెరుస్తుంది. తెరిస్తే చచ్చినట్టే. మూడూ తెరుచుకునే ఉన్నాయి.

"పొద్దున్నే ఎల్లేనండీ. అన్నీ ఇలగే ఉన్నాయి," అంది. "వరసలో ఉన్నాయండీ, మాస్టారూ. జానెడుకొకటి."

అరుస్తుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. అదేమీ లేదు. రికార్డు నా ముందు పెట్టి నిలబడింది. నాకేమైందో తెలీదు, ఒక్కసారిగా తెగింపు వచ్చింది. పోతే పోనీ, స్టేషనూ వద్దు, డాక్టరేటూ వద్దు. ఈ పిల్ల రాసిన నిజం కింద సంతకం పెట్టేస్తాను. కలం తీసి పేజీ తిప్పాను.

పాత పేజీ లేదు. కొత్త కాగితం మీద గుండ్రటి అక్షరాలతో ఉంది: 'పాత వంతెన వద్ద సమృద్ధిగా లభించును.'

"ఇదేటి?" అన్నాను.

"నిన్న రాత్రి మా నాన్న మార్పించేసేరండీ. మార్కులు పోతాయనీసి." రికార్డు నా వైపు ఇంకాస్త జరిపింది. "మీరు సెప్పినట్టే సూడ్డం నేర్చుకున్నానండీ."

నిజం చెప్పాలంటే, ముందు నాకు కలిగింది సిగ్గు కాదు. హమ్మయ్య అనిపించింది. సిగ్గు తర్వాత వచ్చింది, సంతకం పెడుతుండగా. ఇరవైకి ఇరవై వేశాను. ఆ అమ్మాయి రికార్డు తీసుకుని, మార్కులు చూసుకోకుండానే వెళ్ళిపోయింది.