ఉప్పు కడిగే స్ట్రాటిస్

స్ట్రాటిస్ విమానం కింద వెల్లకిలా పడుకుని పైపుతో మంచినీళ్లు కొడుతున్నాడు. దాని పడవల్లాంటి రెండు కాళ్ల అతుకుల్లో సముద్రపు ఉప్పు ఎండి తెల్లగా పొరలు కట్టింది. సముద్రం మీద వాలీ వాలకుండానే నీళ్లు ముంచుకుని, ఎవియా దీవి కొండల్లోకి పోయి అడవి మంటల మీద కుమ్మరించి వచ్చే చిన్న పసుపు విమానం అది. లోపల ఒక్క మనిషికే చోటు. ఉప్పును అలాగే వదిలేస్తే రేకును తినేస్తుంది. అందుకని ముప్పై ఒక్క వేసవులుగా అతను కడుగుతూనే ఉన్నాడు.

ఆ చేతులు చూస్తే జాలేస్తుంది. వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలి, ఆ పగుళ్లలోకి ఉప్పు దిగి, ఎప్పటికీ మానని పుండ్లు. వయసు అరవై రెండు. పెళ్లాం పోయి తొమ్మిదేళ్లయింది, పిల్లల్లేరు. ఇంతకాలం విమానాల కిందే బతికినవాడు ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదంటే నమ్ముతారా? ఎక్కమన్నవాళ్లు లేరు, తనూ అడగలేదు. అసలు ఎవర్నీ ఏదీ అడిగే మనిషి కాదు. అతను కడిగి పంపినవాటిలో మూడు విమానాలు తిరిగి రాలేదు. వాటిని నడిపిన ముగ్గురి పేర్లే కాదు, ఎవరు కాఫీలో ఎన్ని చెంచాల చక్కెర వేసుకునేవాళ్లో కూడా చెబుతాడు.

నీళ్లు తోడే గొట్టం నోట్లో చిటికెన వేలంత చేప ఇరుక్కుని ఉంది. లాగి, కాచుకుని కూర్చున్న పిల్లికి విసిరాడు.

"బాబాయ్, దానికి నువ్వు జీతమిస్తున్నావా, అది నీకిస్తోందా?" అంటూ వచ్చాడు యోర్దానిస్, ఆ విమానం నడిపేవాడు. నలభై నాలుగేళ్ల మనిషి. పొద్దుటి నుంచి ఐదు గంటలు ఎగిరి కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఇంధనం పోస్తున్నంత సేపూ నిలబడే చల్లటి కాఫీ తాగాడు.

స్ట్రాటిస్ ముందు అద్దం తుడవడం మొదలుపెట్టాడు. జేబులో సెల్ ఇంకా వెచ్చగానే ఉంది. ఇందాకే అన్న అర్గిరిస్ కొండ మీది ఊరి నుంచి ఫోన్ చేసి, మంట దగ్గరికొచ్చేసిందన్నాడు.

"కిందికి దిగిపో అన్నయ్యా, నీకు దండం పెడతాను," అన్నాడు స్ట్రాటిస్.

"ఎట్లా దిగనురా? దారి మూసుకుపోయింది. మరియమ్మ పండగ ఇంకా నాలుగు రోజులుందనగా ఇదేం ఖర్మో! నేనూ నలభై మేకలూ కొట్టంలో ఉన్నాం. పొగకి ఊపిరాడ్డం లేదు. అక్కడన్ని విమానాలున్నాయి కదా, ఒక్కటి పంపలేవట్రా?"

తనకంటూ మిగిలింది ఆ అన్న ఒక్కడే. స్ట్రాటిస్ తుడిచిన చోటే మళ్లీ తుడుస్తున్నాడు.

"ఏంటి బాబాయ్, అద్దానికి చిల్లు పెడతావా?"

"మా అన్న..." గుడ్డ మడత పెట్టాడు. "మా ఊళ్లో, పెఫ్కోరాహిలో చిక్కుకుపోయాడు. ఒక్క లోడు... కుదిరితేనే. కుదరకపోతే వద్దులే."

ఆ రోజు విమానాలన్నిటినీ పట్నం వైపు మంటకే పంపుతున్నారు. పెఫ్కోరాహి పేరు ఎవరూ ఎత్తలేదు.

"ఇన్నేళ్లలో నువ్వు ఎవర్నైనా ఏదైనా అడిగావా బాబాయ్?"

"లేదు."

"మరింకేం, దారి చెప్పు."

స్ట్రాటిస్ చెప్పాడు. పుట్టి పెరిగిన లోయ, కళ్లు మూసుకుని చెప్పగలడు. తెల్ల చర్చి దాటగానే లోయలోకి దిగాలి. వాగు వెంబడే పోతే రెండో వంపులో ఎడమ చేతి వైపు రేకుల కొట్టం. పైన్ చెట్లు ఎంత ఎత్తున ఉంటాయో, గాలి ఎక్కడ మళ్లుతుందో కూడా చెప్పాడు. యోర్దానిస్ మోకాలి మీద కాగితం పెట్టుకుని గీసుకున్నాడు.

"మీ అన్న చేసే జున్ను ఒక ముద్ద నాకు, ఏం?"

"జున్నేంటి కెప్టెన్, మేకనే ఇచ్చేస్తాడు."

"మేకనా! దాన్ని నా ఒళ్లో కూర్చోబెట్టుకుని ఎగరాలి," అని నవ్వుతూ ఎక్కాడు.

ఆరున్నరకి సెల్ మోగింది.

"పడ్డాయిరా! సరిగ్గా కొట్టం మీదే పడ్డాయి నీళ్లు! మంట వాగు అవతలే ఆగిపోయింది. నేనూ బాగున్నాను, మేకలూ బాగున్నాయి!" అర్గిరిస్ ఏడుస్తూ నవ్వుతున్నాడు. స్ట్రాటిస్‌కి ప్రాణం లేచొచ్చింది. గబగబా శిలువ గుర్తు వేసుకున్నాడు. అవతల అన్న గొంతు మారింది. "కానీ తమ్ముడూ... విమానం పైకి లేస్తుంటే నాన్న కట్టిన తీగ తగిలిందిరా. రెక్క తెగిపోయింది."

"మనిషి?"

"లేడురా."

పైన్ బంక డబ్బాలు దించడానికి లోయకి అడ్డంగా తండ్రి కట్టిన ఇనప తీగ అది. పద్నాలుగేళ్ల వయసులో స్ట్రాటిసే ఒక కొస పట్టుకుని లాగాడు. బంక తీయడం మానేసి ఇరవై ఏళ్లయింది, తీగ మాత్రం తుప్పుపట్టి అక్కడే వేలాడుతోంది. చెట్ల సంగతి చెప్పాడు, వాగు సంగతి చెప్పాడు, గాలి సంగతి చెప్పాడు. దేవుడా, తీగ సంగతి చెప్పలేదు.

నేరుగా విమానాలు పంపే అధికారి దగ్గరికి వెళ్లి, తను అడిగిందీ, చెప్పనిదీ అంతా చెప్పాడు. ఆయన విన్నాడు, టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. తిట్టినా, కొట్టినా బాగుండేది. పట్నం మంట నుంచి తిరిగొచ్చిన ఇంకో విమానం ఎదురుగా ఉంది, దానికీ ఉప్పు పట్టింది. స్ట్రాటిస్ వెళ్లి కడిగాడు. ఏడుస్తూనే కడిగాడు.

పొద్దు గూకుతుండగా ఇంధనం లారీ డ్రైవరు గేటు దగ్గర నుంచి కేకేశాడు, యోర్దానిస్ కారు అడ్డంగా ఉంది, కాస్త పక్కకి తియ్యమని. తాళం చెవి దానికే ఉంది. స్ట్రాటిస్ తడి చేతులు చొక్కాకి తుడుచుకుని తలుపు తీశాడు. పక్క సీట్లో ఇంటికని కొన్న పెద్ద పుచ్చకాయ, దొర్లిపోకుండా దానికి సీటు బెల్టు పెట్టి ఉంది. పండిందని చూపించడానికి అమ్మినవాడు కోసిన ముక్కోణపు ముక్క మళ్లీ దాని చోట్లోనే దూర్చి ఉంది.