జత తప్పిన గిన్నె

గార్లదిన్నె బస్టాండు వెనక రేకుల అంగట్లో ఇద్దరు షడ్డకులు ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని పాతకాలపు డయల్ ఫోన్లు బాగుచేస్తారు. అక్కను చేసుకున్నవాడు ఓబిలేష్, చెల్లెల్ని చేసుకున్నవాడు గంగాధర్. పాత సామాన్ల గుజిరీ నుంచి మూటల్లో వచ్చిన ఫోన్లను విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించి బెంగళూరు హోటళ్లకు పంపుతారు. అక్కడ వాటితో ఎవరూ మాట్లాడరు. పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు.

ఓబిలేష్ పనికి వంక పెట్టలేం. తిప్పి వదిలిన డయలు ఒకే వేగంతో వెనక్కి రాకపోతే మళ్లీ మొదటినుంచి విప్పుతాడు. ఫోను లోపల రెండు గంట గిన్నెలుంటాయి. ఒకటి సన్నగా, ఒకటి బొంగురుగా మోగాలి. అది జత. ఒక ఫోను గిన్నె ఇంకో ఫోనుకు బిగిస్తే కాపురాలు కలిపేసినట్టేనని ఓబిలేష్ అంటాడు. గంగాధర్ అట్లా కాదు. ఈల వేస్తూ బిగిస్తాడు, మరమేకు ఒకటి మిగిలితే జేబులో వేసుకుంటాడు.

అయినా వాన ఫోను చేసేది గంగాధర్‌కే.

గంగాధర్ అంగట్లో తనకోసం అట్టిపెట్టుకున్న నల్ల ఫోనుకు తీగ లేదు. వాన బయల్దేరేటప్పుడు అది మోగుతుంది. ఎత్తితే చినుకుల చప్పుడు. రాప్పా, కాచుకోనుండాం అంటాడు గంగాధర్. సాయంత్రానికి వాన ఊళ్లో ఉంటుంది. జనానికి ఇందులో వింతేమీ లేదు. మోగిందంటే ఆరేసిన మిరపకాయలు లోపల పెట్టుకుంటారు. కాకపోతే, రమ్మన్నవాడి మర్యాదకో ఏమో, ఆ వాన ముందుగా గంగాధర్ చేన్లో దిగి తనివితీరా కురిసి, గట్టు దాటేసరికి అలిసిపోతుంది. గట్టుకు అవతలిది ఓబిలేష్ చేను. మామ ఇద్దరికీ సమానంగా పంచిచ్చిన నేలే.

ఓబిలేష్‌ది మామూలు కడుపుమంట కాదు. మరదలింట్లో తిరగమాత వేసినా ఇతనికి మండేది. నీ కడుపు మీద సంగటి ఉడికించుకోవచ్చని పెళ్లాం హేమావతి ఎగతాళి చేసేది.

ఈ ఏడు శనక్కాయ పైరు ఊడలు నేలలోకి దిగే వేళకు వాన మొహం చాటేసింది. ఆకులు ముడుచుకుపోయాయి. ఈ పదును వాన తప్పితే చేనంతా గొర్రెల పాలే. గంగాధర్ టీ తాగడానికి పోయిన సందులో ఓబిలేష్ నల్ల ఫోను విప్పి, ఒక గిన్నె తీసి, తాను ముచ్చటపడి తయారుచేసిన ఎర్ర ఫోనుకు బిగించాడు. ఎర్రదాని గిన్నె నల్లదాంట్లో పెట్టాడు. తన మాటే తాను తప్పుతున్నానని తెలుసు గానీ ఆగలేదు. ఎర్ర ఫోను చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం అన్నం దగ్గర కూర్చోగానే అది మోగింది. అంగట్లో నల్లదీ మోగుతుంటుంది. గంగాధర్‌కంటే ముందు ఎత్తాలని ఓబిలేష్ ఎంగిలి చేత్తోనే అందుకున్నాడు. చినుకులు. ఎన్నాళ్లుగానో చెవిన పడాలనుకున్న చప్పుడు. రమ్మంటే సరిపోయేది. కానీ నోట్లోకి ముందు వచ్చింది మంటే.

"యాడికి పోతాండావ్? వాని చేనికేనా?" అన్నాడు.

చినుకుల చప్పుడు ఆగిపోయింది.

హేమావతి నెత్తి కొట్టుకుంది. "బయల్దేరినోళ్లను యాడికని అడుగుతారా ఎవురన్నా?"

అట్లా అడిగితే పోయేవాళ్లు పోరు, వెనక్కి తిరుగుతారు. పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. వాకిట్లోకి వచ్చి చూస్తే శింగనమల దిక్కున కమ్ముకున్న మబ్బు మొహం తిప్పుకుని పోతోంది.

గంగాధర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. నల్ల ఫోను ఎత్తితే ఓబిలేష్ గొంతు వినబడిందట. ఎర్ర ఫోను చూశాడు. జరిగింది అర్థమైంది.

"ఊరి పైరంతా పోతాది అన్నా," అన్నాడు. తన చేను ఊసే ఎత్తలేదు. అదే ఓబిలేష్‌ను కోసేసింది.

వెనక్కి తిరిగినవాళ్లను ఊరికే వదలకూడదు. కాసేపు కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, మళ్లీ సాగనంపాలి. హేమావతి చెంబుతో నీళ్లు తెచ్చి రిసీవరు పక్కన పెట్టింది. ముగ్గురూ చూస్తుండగానే చెంబు ఖాళీ అయింది.

"అడిగినోనివి నువ్వు. నువ్వే పంపల్ల," అందామె.

ఓబిలేష్ రిసీవరు చెవికి పెట్టుకున్నాడు. నా చేనికి రా అన్న మాట నాలుక చివర నిలబడింది. అదీ దారి అడ్డగించడమే. అంటే ఉన్న వాన కూడా పోతుంది. అనకపోతే మళ్లీ గంగాధర్ చేనే.

"పోయిరాప్పా," అన్నాడు.

పొద్దు వాలేలోపల వాన దిగింది. ముందు గంగాధర్ చేన్లోనే. అయితే ఈసారి గట్టు దాటినా అలిసిపోలేదు, ఓబిలేష్ పైరు బతికేంత కురిసింది.

ఆ తర్వాత ఏ ఫోను గిన్నె ఆ ఫోనుకు బిగించినా నల్ల ఫోను మళ్లీ మోగలేదు. నీళ్లిచ్చి సాగనంపిన ఇంటికి చెప్పి పోవడమే వానకు మర్యాదగా తోచినట్టుంది. ఎటు పోవాల్సిన వానైనా సరే, ఓబిలేష్‌కు చెప్పి బయల్దేరుతుంది. కంబదూరుకు పోయేదీ ఫోను చేస్తుంది, ధర్మవరానికి పోయేదీ చేస్తుంది, ఎటన్నది మాత్రం చెప్పదు. ఊరంతా ఇప్పుడు ఇతని గుమ్మం ముందే నిలబడుతుంది. గంగాధర్ ఈల మానేశాడు. ఎర్ర ఫోను మోగిందని తెలిసినప్పుడల్లా అంగట్లో చేతిలోని మరను అవసరానికి మించి బిగిస్తాడు.

ఓబిలేష్‌కు మాత్రం సుఖం లేదు. యాడికి అన్న మాటను పళ్ల మధ్య నొక్కిపట్టి, పోయిరాప్పా అంటాడు. నీళ్లు పెట్టిన చెంబు ఖాళీ కాగానే బోర్లించి, ఆ వాన ఎవరి చేనికి పోతుందో చూడ్డానికి అందరికంటే ముందు మిద్దె ఎక్కుతాడు.