పచ్చకి పచ్చే

పచ్చదానికి పచ్చే, నీలందానికి నీలమే అని మాస్టారు మొదటి రోజే చెప్పారు, చిన్నపిల్లకి చెప్పుల కుడీ ఎడమా చెప్పినట్టు, అప్పుడు లోలోపల నవ్వుకున్నాను, ఇప్పుడు కొండ మీద ఏంటెనా కింద ఈ పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని మూత తీస్తే, గాజు తీగ కొసనున్న పచ్చ కనెక్టరుకి ఎదురుగా ఉన్నది నీలం, పెట్టింది నేనే, నిన్న పొద్దున ఎలుక కొరికిన తీగ మార్చే తొందరలో, రెండూ చక్కగా దూరాయి కదా, దూరితే చాలనుకున్నాను, పచ్చదాని కొస ఏటవాలు, నీలందాని కొస చదును, మధ్యలో కంటికి ఆనని సందు, అక్కడ వెలుగు కొంత చెదిరిపోతుంది, కొంత వెనక్కి వెళ్లి ఆ వెలుగు పంపే లేజర్‌నే కంగారు పెడుతుంది, వెలుగు సగమైతే దాని మీద వచ్చే సంకేతం పావు వంతే మిగులుతుంది, ఆ పావు వంతు కోసమా నిన్న రెండుసార్లు కొండ కింద గదిలో అందరం చెవులు రిక్కించుకుని కూర్చున్నాం, మూడేళ్లు మా చేతులతో బిగించిన బుల్లి ఉపగ్రహం, చచ్చిపోయిందమ్మా అని మాస్టారు కళ్లద్దాలు తుడుచుకున్నారు, ఇవాళ పదిన్నరకి అది మళ్లీ మా మీదుగా పోయేటప్పుడు చివరి ప్రయత్నం, ఆ తర్వాత ఫైలు మూసేస్తారు.

అసలు ఏం పని చేస్తావే అని అమ్మ ఓసారి అడిగింది, పైనుంచి వచ్చే సంకేతం రాగి తీగలో పంపితే దారిలోనే నీరసించిపోతుందమ్మా, అందుకని లేజర్ వెలుగు మీదకి ఎక్కించి గాజు పోగులో కొండ దించుతాం, కింద మరో పెట్టె దాన్ని దించుకుంటుంది అన్నాను, అమ్మ, అయితే వెలుగుకే మోత నేర్పారన్నమాట అంది, నాకు ఒళ్లు జలదరించింది, సెకనుకి రెండు వందల కోట్లసార్లకు పైగా ఊగే సంకేతం, వెంట్రుకంత గాజులో, ఒక్క ఊపూ తప్పకుండా, రోజూ స్పానర్ పట్టుకుని తిరుగుతూ కూడా నాకు అంతవరకు తట్టనే లేదు.

చడీచప్పుడు లేకుండా మార్చేయొచ్చు, ఉపగ్రహమే మళ్లీ లేచిందనుకుంటారు, కానీ వేళ్లు అప్పటికే ఫోన్ నొక్కాయి, మాస్టారూ తప్పు నాదే, పచ్చకి నీలం పెట్టాను, ఆయన, కొస తుడిచి పెట్టు తొందరమ్మా, ఇంకా నాలుగు నిమిషాలుంది అన్నారు, తిట్టినా బాగుండేది, తుడిచాను, పచ్చకి పచ్చ, చిన్నగా టక్కుమంది, ఫోన్ చెవికి ఆనించుకున్నాను, కుర్చీలు జరిగిన చప్పుడు, ఎవరో దగ్గారు, తర్వాత మాస్టారి గొంతు, వస్తోందమ్మా, వస్తోంది.

తలెత్తి చూశాను, ఎండ తప్ప ఏమీ లేదు, అయినా అక్కడెక్కడో అది పోతోంది, నిన్న రెండుసార్లూ ఇలాగే మా నెత్తి మీదుగా పోయి ఉంటుంది, అది చచ్చిపోయిందని మేం కింద తలలు దించుకుని కూర్చున్నప్పుడు కూడా మమ్మల్ని పిలుస్తూనే ఉంది.