చెప్పకుండా వచ్చేసిన రోజు

గుడియాత్తంలోని లుంగీల అంగడిని తమ్ముడికి అప్పజెప్పాక గుణశేఖరం రోజూ పొద్దున బస్సెక్కి వేలూరు వెళ్ళేవాడు. అక్కడ పెద్దాసుపత్రి దగ్గర ఆయన బామ్మర్ది బాలసుబ్రమణ్యానికి ఒక లాడ్జి ఉంది. రోగుల వెంట వచ్చినవాళ్ళు నెలల తరబడి అందులో వండుకు తింటూ ఉంటారు. భార్య ఇందుమతి పోయిన తరువాత గుణశేఖరానికి ఇంట్లో పగళ్ళు గడిచేవి కావు. లాడ్జిలో కూర్చుంటే ఎవరో ఒకరు దారి అడుగుతారు, మందుచీటీ చదవమంటారు.

ఆయనకు భాషలు తొందరగా పట్టుబడతాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. లుంగీల బేరాల్లో ఉర్దూ, కన్నడం వచ్చాయి. లాడ్జిలో దిగే కలకత్తా వాళ్ళ పుణ్యమా అని బెంగాలీ వచ్చింది. ఏ భాషలోనైనా ఆయన మొదట నేర్చుకునేది "తిన్నారా?" అని అడగడం. తరువాత నొప్పుల పేర్లు. మిగతావన్నీ ఆ వెనకే. ఇందుమతి ఉన్నన్నాళ్ళూ కొత్త మాటలన్నీ సాయంత్రం ఆమె మీద ప్రయోగించేవాడు. ఆయన ఏ భాషలో పలికినా ఆమె జవాబు ఒకటే: "అట్లనా, సరే, చెయ్యి కడుక్కో."

ఈ ఏడాది వానల ముందు టాంజానియా నుంచి హమీసి అనే పెద్దాయన వచ్చాడు. భార్యను ఆసుపత్రిలో చేర్చాక, ఇంగ్లీషు తెలిసిన మేనల్లుడు సెలవు అయిపోయి వెళ్ళిపోయాడు. హమీసికి స్వాహిలీ తప్ప మరో భాష రాదు. ఆసుపత్రిలో మాట అందించేవాళ్ళు ఉన్నారు గాని, లాడ్జికి తిరిగొస్తే ఆయన మూగవాడే.

గుణశేఖరం ఫోనులో పాఠాలు పెట్టుకున్నాడు.

"ఏం బావా, బెంగాలీ ఆయె, ఇప్పుడు ఆఫ్రికా బాసా?" అన్నాడు బాలసుబ్రమణ్యం. "మా అక్క ఉండుంటే నిన్ను వాకిట్లోనే నిలబెట్టుండు."

"మీ అక్క ఉండుంటే ఈ పాటికి నాకు సగం వచ్చుండు రా," అన్నాడు గుణశేఖరం.

భాష ఆయనను దూరం పెట్టలేదు. తెలుగులో లాగే అందులోనూ మాటలన్నీ అచ్చుతోనే ముగుస్తున్నాయి. ఒకరోజు మెట్ల మీద ఎదురుపడి, "ఉమెకూలా?" అన్నాడు. తిన్నావా అని. హమీసి గోడకు చెయ్యి ఆనించి నిలబడిపోయాడు. తరువాత నవ్వాడు. ఆనాటి నుంచి ఇద్దరూ కలిసి టీ తాగేవారు. నిద్ర ఎలా పట్టింది, ఇంటి సంగతులేమిటి, రోగికి ఎలా ఉంది, అన్నీ ఒకటొకటిగా అడిగాకే వాళ్ళు అసలు మాటకు వస్తారు. అడగడానికి ఇన్ని ఉన్న భాష గుణశేఖరానికి హాయిగా అనిపించింది. సాయంత్రం సెలవు తీసుకునేటప్పుడూ అంతే. "క్వాహేరి" అని చెప్పి, చెయ్యి పట్టుకుని, మళ్ళీ చెప్పి గాని హమీసి వదిలేవాడు కాదు.

తమిళుల ఆడి నెలలో హమీసి భార్య పోయింది.

హమీసి గదిలో మంచం మీద కూర్చుని ఒక్కొక్కరికే ఫోను చేస్తున్నాడు. "అమెఫరీకి," అంటున్నాడు ప్రతిసారీ. పాఠాల్లో ఆ మాట ఇంకా రాలేదు. అర్థం ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. గుణశేఖరం పక్కన కూర్చుని "పోలె" అన్నాడు. కష్టంలో ఉన్నవాళ్ళతో అనే మాట అది. అంతకు మించి ఆయనకేమీ రాలేదు.

మసీదు వాళ్ళు దగ్గరుండి ఖననం జరిపించారు. గుణశేఖరమూ పిడికెడు మట్టి వేశాడు. తరువాత, తమ వాళ్ళలో ఎవరైనా చేసేదే చేశాడు. చావు దగ్గర నుంచి పోయొస్తానని చెప్పరు. తల వంచుకుని, వెనక్కి చూడకుండా కదిలిపోవాలి. బస్సెక్కి గుడియాత్తం వచ్చి, పెరట్లో స్నానం చేసి పడుకున్నాడు. సమాధి మీద పాలు పోసే రోజు దాకా మళ్ళీ వెళ్ళకూడదని మరునాడూ ఇంట్లోనే ఉండిపోయాడు.

ఆ మరునాడు పొద్దున బాలసుబ్రమణ్యం ఫోను చేశాడు.

"బావా, పెద్దాయన మధ్యాన్నం బండికే పోతాండాడు. టికెట్టు మార్చినారంట."

"ఇంత బిరీనా?"

"అది సరే. నువ్వు ఆయనకు చెప్పకుండా వచ్చేస్తివా? ఇదో, దేవకి మాట్లాడతాదంట."

దేవకి లాడ్జిలో గదులు ఊడ్చే మనిషి. "ఏందప్పా ఇట్ల చేస్తివి?" అంది. "నిన్నంతా గేటుకాడే నిలబడినాడు. వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ 'గుణా? గుణా?' అంటాడు. యాడుండావో నేనేం చెప్పేది? వాళ్ళ బాస నాకొస్తదా?"

గుణశేఖరం చొక్కా తొడుక్కుని, గుండీలు బస్సులో పెట్టుకున్నాడు. ఇందుమతి పోయిన రోజు గుర్తొచ్చింది. వచ్చినవాళ్ళంతా మర్యాద తప్పకుండా, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయారు. ఆయన తల ఎత్తి చూసేసరికి కుర్చీలన్నీ ఖాళీ. అలా ఉంటుందని ముందే తెలిసినవాడికే లోపల కాలింది. మరి తెలియనివాడికి?

కాట్పాడి స్టేషన్లో బండి అప్పటికే ఆగి ఉంది. కిటికీలు చూసుకుంటూ పరుగెత్తాడు. హమీసి లోపలి వైపు, ఒళ్ళో సంచీతో కూర్చుని ఉన్నాడు. గుణశేఖరం ఎక్కి ఎదుట నిలబడ్డాడు. మా వైపు చావు దగ్గర సెలవు చెప్పరు, అందుకని, అని చెప్పబోయాడు. మాటలు దొరకలేదు. దొరికినవీ అతకలేదు. హమీసి ఆయన నోటి వంక చూస్తూ ఉండిపోయాడు. ఏమీ అర్థం కాలేదని ఆ ముఖమే చెబుతోంది.

గుణశేఖరం ఊపిరి పీల్చుకుని, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, "మ్కె వంగు," అన్నాడు. నా భార్య. "అమెఫరీకి."

ఆ మాట ఇంతవరకూ ఆయన ఏ భాషలోనూ తన నోటితో అనలేదు. చుట్టాలకు తమ్ముడు చెప్పాడు, అంగట్లో బామ్మర్ది చెప్పాడు.

హమీసి సంచీ తీసి కింద పెట్టి, పక్కకు జరిగాడు. గుణశేఖరం కూర్చున్నాడు. పెద్దాయన ఆయన భుజం మీద అరచెయ్యి వేసి, "పోలె," అన్నాడు. "పోలె, గుణా." అని ఏడవడం మొదలుపెట్టాడు. ఖననం నాడు ఏడవని మనిషి.

బండి కూత వేసింది. అనకూడదని గుణశేఖరం లోపల ఏదో ఇంకా బెదురుతూనే ఉంది. అయినా పైకి "క్వాహేరి" అన్నాడు. చెయ్యి పట్టుకుని మళ్ళీ అన్నాడు.

బండి వెళ్ళిపోయాక ప్లాట్‌ఫారం మీద ఆయన ఒక బెంచీ దగ్గరికి నడిచాడు. దాని మీద కూర్చున్న పూలమ్మే ఆమె ఆయన ముఖం చూసి, ఏమీ అడగకుండా, తన గంప తీసి ఒళ్ళో పెట్టుకుని చోటిచ్చింది.