చార్టులో లేని పేరు

మా అమ్మాయి కంటి కింద నరం అదరడం చూసి నేను పక్షవాతమే అనుకున్నాను. కీడెంచి మేలెంచమంటారు గానీ, నాకు కీడు దగ్గరే తెల్లారిపోతుంది. వద్దంటున్నా వినకుండా డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను.

ఆయన అన్నీ చూసి, "తలలో ఏమీ లేదమ్మా," అన్నాడు.

"మా మేనేజరుగారూ అదే అంటారు," అంది అమ్మాయి.

డాక్టరు నవ్వాడు గానీ బీపీ చూశాక నవ్వలేదు. చివరి సెలవు ఎప్పుడని అడిగాడు. అది వేళ్ళు మడిచి లెక్కపెట్టి, మూడేళ్ళయిందంది.

"కష్టం కొండంత, దక్కేది గోరంత అయితే ఒళ్ళు ఊరుకోదమ్మా. జీతమొక్కటే కాదు, విశ్రాంతీ, ఒక మంచి మాటా కూడా దక్కాలి. ఇలాగే సాగితే రేపు గుండెకి ముప్పు."

నాకు గుండె అన్న మాటొక్కటే వినబడింది. మర్నాడు మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని బస్సు డిపోకి వెళ్ళాను. అక్కడ డ్రైవర్లకీ కండక్టర్లకీ డ్యూటీలు వేసే గుమాస్తా మా అమ్మాయే. గోడమీది చార్టులో తొంభైమంది పేర్లూ, ఎవరికే రోజు సెలవో రాసి ఉంది. వేలు పెట్టి పైనుంచి కిందిదాకా చదివాను.

"నీ పేరేదే?"

"చార్టు వేసేది నేనే కదమ్మా."

"వంట చేసేది నేనే. అలాగని తినడం మానేశానా?"

పక్కనున్న కండక్టర్లు పకపకా నవ్వారు. అమ్మాయి నవ్వలేదు. లేచి వెళ్ళి చార్టు అడుగున తన పేరు రాసి, గురువారానికి సెలవు గుర్తు పెట్టింది.

అప్పుడే మేనేజరు వచ్చాడు. "నువ్వు సెలవంటే ఈ పని ఎవరు చూస్తారమ్మా?"

"మీరే సార్. పక్కనే మీ పేరు రాశాను."

ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. ఒక ముసలి డ్రైవరు గొంతు సవరించుకుని, "మా అందరికీ సెలవులిచ్చే పిల్లకి సెలవు లేకపోతే మాకే సిగ్గు సార్," అన్నాడు. మేనేజరు చార్టునీ మమ్మల్నీ మార్చి మార్చి చూసి, సంతకం పెట్టాడు.

గురువారం అమ్మాయి పదింటిదాకా పడుకుంది. ఊపిరి ఆడుతోందో లేదోనని నాలుగుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఈలోగా మేనేజరు ఫోను చేస్తే నేనే ఎత్తాను.

"అమ్మా, ఇద్దరు డ్రైవర్లు బావా బావమరుదులట, ఒకేరోజు సెలవు కావాలట. ఇస్తే బస్సు ఆగిపోతుంది, ఇవ్వకపోతే అలుగుతారు. ఏం చెయ్యాలి?"

"పడుకుంది నాయనా."

"ఈ గోలంతా ఒక్కతే ఎలా నెగ్గుకొస్తోందండీ? నా వల్ల కాలేదు. ఇకమీదట ప్రతి గురువారం సెలవేనని చెప్పండి. సాయానికి ఇంకో మనిషిని కూడా పంపమని పైవాళ్ళకి రాస్తున్నాను."

లేచి అన్నానికి కూర్చున్నాక చెప్పాను. తింటున్నదల్లా ఆగింది.

"నిజంగా, నా వల్ల కాలేదన్నాడా?"

"అన్నాడే తల్లీ."

"ఆ మాట మళ్ళీ చెప్పు."

మూడుసార్లు చెప్పించుకుని, మూడుసార్లూ మారు వడ్డించుకుంది. ఇంత తింటే అజీర్తి చేస్తుందేమోనని ఇప్పుడు నా బెంగ.