విడిచిన కోడె

మా దగ్గర కోడెను విడవడమంటే అమ్మడం కాదు, ఎవరికో ఇవ్వడమూ కాదు. మల్లన్న పేరు చెప్పి, పసుపు పూసి, మెడలో తాడు తీసేస్తారు. ఇక దాన్ని ఎవరూ కట్టేయకూడదు, అరకకు వాడకూడదు. విడిచిన ఇంటివాళ్లయితే మళ్లీ చేత్తో మేత కూడా పెట్టకూడదు. పెడితే మొక్కు చెల్లనట్టే.

మా పక్కింటి సమ్మక్క దాన్ని విడిచింది మొగుడి కోసం. పోయినేడు యాకయ్య బావ ఊపిరితిత్తుల్లో నీరు చేరి వరంగల్ దవాఖానలో పడి ఉన్నప్పుడు డాక్టర్లు ధైర్యం చెప్పే మాట ఒక్కటీ అనలేదు. మనిషి ఇంటికొస్తే కోడెను విడుస్తానని అక్క అక్కడే వరండాలో మొక్కింది. మనిషి వచ్చాడు. అక్క మాట నిలబెట్టుకుంది.

అంతా బాగానే ఉంది గానీ, ఈ సంగతి కోడెకు ఎవరు చెప్పాలి? పొద్దంతా నా మక్కచేలో పడి మేసేది. పొద్దుగూకేసరికి ఏమీ ఎరగనట్టు వాళ్ల కొట్టంలోకే వచ్చి నిలబడేది. నాకు ఒళ్లు మండిపోయేది. దేవుడి కోడె, కొట్టడానికి లేదు. తిట్టాలంటే అక్కనే తిట్టాలి.

"అక్కా, నువ్వు ఇడిశింది మల్లన్నకా, నా మక్కచేనుకా?" అని ఓసారి అడిగేశాను.

అక్కకు నవ్వు రాలేదు. అప్పటికే బావకు మళ్లీ దగ్గు మొదలైంది. కోడె ఇల్లు వదలడం లేదు కాబట్టి దేవుడు మొక్కు అందుకోలేదని, మనిషిని వెనక్కి తీసుకుపోతాడని ఆమె భయం. రోజూ ఖాళీ బకెట్టు మోగిస్తూ దాన్ని వాకిలి దాకా తరిమేది. అది చూశాక నా కోపం కాస్తా జాలి అయింది. చేను పాడవుతున్నది చాలక, పైగా ఈ జాలి ఒకటి.

ఓ పొద్దున అక్క గొంతు పెద్దగా వినబడితే, కోడెను తోలడానికేమో అనుకుని కర్ర పట్టుకుని గోడ దూకాను. కొట్టంలో బావ తొట్టి పక్కన కూర్చున్నాడు. తొట్టి నిండా కుడితి. కోడె మూతి ముంచి తాగుతోంది.

"ఎప్పటిసంది పెడ్తానవ్?" అంటోంది అక్క.

"ఇడిశిన కాన్నుంచి," అన్నాడు బావ. "తల్లి సచ్చిన దూడ. సీసతోని పాలు తాపి సాదిన. ఆకలితోని ఇంటికొస్తే పొమ్మని ఎట్లనాలె?"

"నువ్వు దానికి కుడితి పోస్తలేవు, నా పుస్తె తెంపుతానవ్. నువ్వు లేకుంటే నేనెట్ల బతుకుత? జర నా మొకం జూడు," అని అక్క అక్కడే పెంటలో కూలబడి ఏడ్చింది.

బావ ఆమె ముఖం చూశాడు. ఆయనకు మొక్కుల మీద నమ్మకం లేదని ఊరంతటికీ తెలుసు. నన్ను బతికించింది సూది మందులేనని అందరితో వాదించేవాడు. ఆరోజు వాదించలేదు. లేచి నా చేతిలో కర్ర తీసుకున్నాడు.

"బావా, దేవుని కోడె," అన్నాను.

"పాపం తాకితే నాకే తాకనీ. అది నాకోసమే వస్తాంది. నేను కొడ్తెనే పోతది."

మొదటి దెబ్బకు అది ఆటనుకుని తల ఊపింది. రెండో దెబ్బకు ఆయన్నే చూస్తూ నిలబడింది. బావ దగ్గుతూనే కొట్టాడు. వాకిలి దాటించాడు, నా చేను దాటించాడు, వాగు దాకా కొట్టుకుంటూనే పోయాడు. అవతలి గట్టెక్కి అది ఆగి వెనక్కి తిరిగింది. బావ రాయి తీసుకుని విసిరాడు. అప్పుడు పోయింది. స్టేషన్ ఘన్‌పూర్ వైపు ఏదో మందలో తిరుగుతోందని తర్వాత విన్నాం గానీ, మళ్లీ మా ఊరు రాలేదు. నా చేను దక్కిందన్న మాట పైకి అనడానికి నాకు నోరు రాలేదు.

బావను పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. అక్క కంచంలో అన్నం పెట్టింది. ఆయన ముట్టలేదు. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"ఇగ ఫికర్ వెట్టుకోకు, నాకేం గాదు," అన్నాడు. "గానీ ఈ చెయ్యితోని అన్నం ఎట్ల తినాలెనే?"

అక్క కంచం తన ముందుకు లాక్కుంది. పప్పు కలిపి ముద్ద చేసి ఆయన నోటి దగ్గర పెట్టింది. ఆయన నోరు తెరిచేదాకా ఆ ముద్ద అట్లాగే పట్టుకుని కూర్చుంది.