పొద్దున్నే చెప్పకూడని మాట

మా ఆయనకు పొద్దున్నే చెడ్డమాట చెవిన పడకూడదు. బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అనడం అందరిళ్ళలోనూ ఉన్నదే. మా ఇంట్లో అది ఇంకా ముదిరింది. పాలు విరిగినా, ఎద్దు కుంటినా, ఆఖరికి నాకు జ్వరం వచ్చినా, ఆయన రాతిగనిలో మొదటి బండ పైకి లేచిందన్న కబురు వచ్చేదాకా నేను నోరు మూసుకోవాల్సిందే. జ్వరం నోరు మూసుకోదు కదా, వణికిస్తూనే ఉండేది. "ఏమ్మే, చలిగా ఉండాదా?" అని అడిగి, జవాబు వినకుండానే చెప్పులు తొడుక్కుని పోయేవాడు.

దీనికి కారణం లేకపోలేదు. ఎర్రగుంట్ల దగ్గర మా మెట్టచేలో బావి తవ్వబోతే నాపరాయి పడింది. జొన్నలు పండని నేలలో బండలు పండుతాయని ఆయన సంబరపడి, సేద్యం తమ్ముళ్ళకు వదిలేసి గని పెట్టాడు. పెట్టిన కొత్తలో ఒక పొద్దున ఎవరో కూలీ "ఈ మోకు తెగేట్టుండాదప్పా" అన్నాడు. కాసేపటికే మోకు తెగింది, బండ జారి ఒకతని కాలు విరిగింది. మోకు పాతబడిపోయిందని మా ఆయనకు తోచలేదు. ఆ నోటి వల్లే తెగిందని తోచింది. ఆ రోజు నుంచీ గనిలో కూడా మా ఇంటి చట్టమే అమల్లోకి వచ్చింది.

ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. కాలు విరిగినతన్ని తన బండిలోనే కడపకు తీసుకుపోయి, వైద్యం అయ్యేదాకా ఆసుపత్రి అరుగు మీద పడుకున్నాడు. కూలి ఏ వారానిది ఆ వారం ఇచ్చేవాడు. ఉగాదికి అందరికీ కొత్తబట్టలు పెట్టేవాడు. కొత్త చోట రాయి పడుతుందా లేదా అని అందరూ నసుగుతుంటే, "తవ్వండి, పోతే నాది పోతాది" అని ముందు తనే గడ్డపార పట్టేవాడు. మనుషులు ఆయన కోసం ఒళ్ళు దాచుకోకుండా పనిచేసేవాళ్ళు. ఆయనకు ఏదీ చెప్పేవాళ్ళు కాదు, అంతే.

ఒక ఏడు వేసవిలో లక్ష్మన్న అనే కూలీ చెప్పాడు. పొద్దున్నే ఎదురొచ్చి "తూర్పు మూల నీళ్ళు ఊరుతాండాయప్పా" అన్నాడు. "నీ నోరు పడిపోను, నీకు ఈడ పని లేదు, పో" అని అక్కడికక్కడే పంపేశాడు మా ఆయన. ఆ సాయంత్రానికి మోకాలి లోతు నీళ్ళు వచ్చాయి. అన్నం ముందు కూర్చుని "చూసినావా వాని నోరు?" అన్నాడు గెలిచినవాడిలా. నాకు ఒళ్ళు మండిపోయింది. పప్పు గరిటె అలాగే పట్టుకుని నిలబడ్డాను. లక్ష్మన్న యాడికో రైలుకట్ట పనికి వెళ్ళిపోయాడు. వాడి పెళ్ళాం గంగక్క మాత్రం మా గనిలోనే మట్టిగంపలు మోస్తూ ఉండిపోయింది.

ఆ ఏడే కర్నూలు కొత్తగా రాజధాని అయింది. ఆఫీసులు గుడారాల్లో నడుస్తున్నాయని జనం వింతగా చెప్పుకునేవారు. అక్కడ కట్టే కట్టడాలకు గచ్చుబండలు కావాలని ఒక కంట్రాక్టరు మా ఆయనకు ఆర్డరిచ్చాడు. అంత పెద్ద ఆర్డరు అదే మొదలు. ఆయన కాలు నేల మీద నిలవలేదు. సరిగ్గా అప్పుడే ముసురు పట్టింది. మామూలుగా మా వైపు వాన కోసం మొహం వాచి ఉంటాం. ఆ కార్తీకంలో మాత్రం వద్దన్నా వదలకుండా కురిసింది. తెరిపి ఇవ్వగానే ఆయన అందరినీ గనిలోకి దించాడు.

తెరిపిచ్చిన మర్నాడు తెల్లవారుతూనే గంగక్క మా పెరటి గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మా, పసుపు పిడికెడు పెడతావా?"

"ఈ పొద్దు ఏం పండగే?"

"గోడకమ్మా" అని, నాలుక కరుచుకుంది.

నేను పెరటి తలుపు మూసి దాని చెయ్యి పట్టుకున్నాను. మెల్లగా చెప్పింది. "వానకు దచ్చిణప్పక్క గోడ నెర్రె ఇచ్చిందమ్మా. చెయ్యి పడతాది. నిన్న పొద్దుగూకేముందు బంకమన్ను కుక్కి మెత్తేసినాం. పసుపు పూసి కుంకం పెడితే పూజ చేసినామనుకుంటాడు. అప్ప కంట్లో నెర్రె పడిందంటే పొద్దున్నే గొడవ."

"ఆ గోడ కింద పనిచేసేది మీరు కదే! మీద పడితే?"

"పడితే సచ్చిపోతాం. పడకుంటే కూలి ఉంటాది. చెప్తే మాత్రం గోడ పడకముందే పని పోతాదమ్మా. నా మొగుణ్ణి చూసినా కదా."

పసుపు ఇచ్చి పంపేశాను.

మా ఆయన నడుముకు తుండు బిగిస్తూ బయటికి వస్తున్నాడు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ వేళప్పుడు అలా నిలబడింది లేదు. "గని గోడ నెర్రె ఇచ్చిందంట. పడేట్టుండాదంట" అన్నాను.

ఆయన మొహం నల్లబడింది. "పొద్దున్నే ఏం మాటమ్మే అది! ఎవరు చెప్పినారు?"

"ఎవరు చెప్తే ఏం? పేరు చెప్తే వాళ్ళను కూడా పంపేస్తావు."

"అట్లాంటిదేమన్నా ఉంటే ఓబులేసు నాకు చెప్పడా?"

ఓబులేసు గనిలో మేస్త్రి. చిన్నప్పుడు మా ఆయనతో కలిసి మేకలు తోలినవాడు. వాడు తన దగ్గర ఏదీ దాచడని మా ఆయనకు గట్టి నమ్మకం. "పద, వచ్చి నువ్వే అడుగు" అంటూ నన్ను కూడా బండి ఎక్కమన్నాడు.

మేం పోయేసరికి అందరూ గనిలో దిగి ఉన్నారు. దక్షిణం గోడకు పసుపు మెత్తి, వరసగా కుంకంబొట్లు పెట్టారు. చూడ్డానికి కళగా ఉంది. నేను గట్టు మీద నిలబడ్డాను. ఆయన మెట్లు దిగి కిందికి పోయాడు.

"ఓబులేసూ, గోడ ఎట్లుండాదిరా?"

"బాగుండాదప్పా."

"నెర్రేమన్నా ఇచ్చిందా?"

"లేదప్పా. పూజ చేసినాం."

ఆయన ఒక్కొక్కరినీ అడుగుతూ పోయాడు. సమ్మెట కొట్టేవాణ్ణి అడిగాడు, బండలు లేపేవాళ్ళను అడిగాడు. అందరిదీ అదే జవాబు. గంగక్క దగ్గరికి వచ్చాడు. అది గంప నెత్తిన పెట్టుకునే "బాగుండాదప్పా" అంది. నన్ను చూడలేదు.

ఆయన తలెత్తి నా వైపు చూశాడు. అప్పుడు చేశాడు నేను ఊహించని పని. పోయి ఆ గోడ కిందే ఒక బండ మీద కూర్చున్నాడు. "సరే, సద్దిమూట తెండి. నేనీడే తింటా" అన్నాడు.

"లేసి ఇవతలికి రా!" అని అరిచాను.

ఆయన చెయ్యెత్తి నన్ను ఆపాడు. "నువ్వు ఉండు. నీ మాట విన్యా. వీళ్ళు చెప్పాల నాకు."

మూట ఎవరో తెచ్చి, దూరం నుంచే చెయ్యి చాపి ఇచ్చారు. ఆయన విప్పాడు. సంగటి ముద్ద చేతిలో పెట్టుకుని వాళ్ళ మొహాలు చూస్తూ కూర్చున్నాడు. సుత్తుల చప్పుడు ఆగిపోయింది. ఎవరూ ఆయనకు దగ్గరగా రావడం లేదు. ఎవరూ ఒక్క మాట అనడం లేదు. ఓబులేసు కళ్ళు గోడ మీదికి పోతాయి, ఆయన మీదికి వస్తాయి, నేల మీదికి దిగుతాయి. వాడి పెదాలు కదిలాయి కూడా. చెబుతాడనుకున్నాను. చెప్పలేదు.

పైనుంచి మట్టిపెళ్ళ ఒకటి రాలి ఆయన పక్కన పడింది. అందరూ ఒక్క అడుగు వెనక్కి వేశారు. ఆయన చూశాడు. వాళ్ళు వెనక్కి జరగడం చూశాడు, అప్పటికీ నోళ్ళు తెరవకపోవడం చూశాడు. నేను ఆయన్ను కోపంలో చూశాను, సంతోషంలో చూశాను. ఆ మొహం మాత్రం ఎప్పుడూ చూడలేదు. మా తొలిచూలు బిడ్డ పోయినప్పుడు కూడా అలా లేదు.

ఆయన ముద్ద కింద పెట్టి లేచి, కుంకంబొట్టు పక్కన వేళ్ళతో గీకాడు. పచ్చిమట్టి ఊడి వచ్చింది. చెయ్యి మణికట్టుదాకా లోపలికి పోయింది.

"ఈ గోడ పడతాది" అన్నాడు గట్టిగా. పొద్దున్నే, మొదటి బండ లేవకముందే, తన నోటితోనే అన్నాడు. "అందురూ పైకి ఎక్కండి. పనిముట్లు వదిలేయండి."

ఎవరూ కదలలేదు. పరీక్ష పెడుతున్నాడేమోనని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఎక్కండప్పా, మీకు దండం పెడతా" అన్నాక కదిలారు. ఆయన అందరికంటే వెనక, గంగక్క వెనకాల ఎక్కాడు.

మధ్యాహ్నం గట్టు మీద వేపచెట్టు కింద కూర్చుని ఉండగా గోడ కూలింది. ఆ చప్పుడుకు బండెద్దులు పలుపులు తెంపుకున్నాయి. దుమ్ము తగ్గాక చూస్తే కర్నూలుకు పోవాల్సిన బండల్లో చాలా భాగం అందులోనే ఉంది, పనిముట్లన్నీ అందులోనే ఉన్నాయి. ఆయన కూర్చున్న బండ యాడుందో కూడా కనపడలేదు. ఆర్డరు పోయినట్టే. ఆడవాళ్ళు ఏడుపు మొదలుపెట్టారు.

"నేను కింద కూసున్యా కదరా" అన్నాడు ఆయన ఓబులేసుతో. "చిన్నప్పటి నుంచి ఎరుగుదువు. నేను సచ్చిపోయినా చెప్పకుండా ఉందువా?"

ఓబులేసు తల వంచుకునే, "నీకు చెప్పి పని పోగొట్టుకున్నోడు ఉండాడప్పా. చెప్పక పోగొట్టుకున్నోడు యాడా లేడు. నాకూ నలుగురు బిడ్డలుండారు" అన్నాడు.

మా ఆయన ఆ పూట ఇంట్లో అన్నం ముట్టలేదు. తినమని నేనూ బలవంతపెట్టలేదు. జాలి ఉంది, దాని కింద కోపమూ ఉంది. గోడ రాత్రికి రాత్రి పుట్టిన నెర్రెతో పడలేదని నాకు తెలుసు.

మర్నాడు నన్ను కూడా రమ్మన్నాడు. పని లేకపోయినా అందరూ వచ్చి గట్టు మీద నిలబడి ఉన్నారు. కింద గని సగం పూడిపోయి ఉంది. ఆయన వాళ్ళ ముందుకు పోయి తలగుడ్డ తీశాడు.

"ఇంక ఈడ ఆ చట్టం లేదు. పొద్దున్నే చెప్పండి. మొదట చెడ్డదే చెప్పండి. ఎవురి పనీ పోదు, నా బిడ్డల మీద ఒట్టు" అన్నాడు. ఆ మాటల్లో నిజం ఉంది, నేను ఎరుగుదును. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "ఇప్పుడు చెప్పండి. గనిలో ఏమేమి బాగలేదు?"

గాలికి దుమ్ము లేస్తోంది. వాళ్ళు ఆయన్ను చూశారు, ఎదురుగా పూడిపోయిన గనిని చూశారు. తూర్పు గోడకు కొత్త నెర్రె సన్నగా పైనుంచి కిందికి దిగి ఉంది. గని పని తెలియని నాక్కూడా కనపడుతోంది.

"అంతా బాగుండాదప్పా" అన్నాడు ఓబులేసు.

"బాగుండాదప్పా" అన్నారు వెనక ఉన్నవాళ్ళు.

ఆయన తలగుడ్డ చేత్తోనే పట్టుకుని నా పక్కకు వచ్చాడు. "లక్ష్మన్న యాడుండాడో గంగక్కను అడుగు. నేను పోయి పిల్చుకొని వస్తా" అన్నాడు.

"అదుగో, ఎదురుగానే ఉంది కదా. నువ్వే అడగరాదా?"

ఆయన గంగక్క వైపు చూసి, కళ్ళు దించుకున్నాడు.

"నేనడిగితే, బాగుండాడప్పా అని చెప్తాది" అన్నాడు.